వావిలాకు, కోడిగుడ్డు, 660 నానోమీటర్లు: నా ప్రాజెక్టు డైరీ

నవంబరు 22

ప్రాజెక్టు అంశం ఈరోజు ఖరారైంది. వాపునూ నొప్పినీ తగ్గించే గుణం వావిలాకుకు ఉందా, ఉంటే అది ఏ పదార్థాల వల్ల, దాన్ని మా ఎమ్మెస్సీ ల్యాబ్‌లో ఎంతవరకు కొలవగలం అన్నది చూడాలి. మిగతా వాళ్లు పసుపు, అల్లం, తులసి తీసుకున్నారు. నేను వావిలి అనగానే మా గైడ్ సార్ కారణం అడిగారు. నిజమే చెప్పాను. అక్కకు పురుడు వచ్చినప్పుడు అమ్మమ్మ నీళ్ల కాగులో రెండు దోసిళ్ల వావిలాకు వేసి మరిగించి బాలింత స్నానం చేయించేది. ఆ పదకొండు రోజులూ ఇల్లంతా అదే వాసన. ఇప్పుడు అమ్మమ్మ మోకాళ్లు నొప్పెడితే అదే ఆకును పెనం మీద వేడిచేసి, పాత గుడ్డలో మూటకట్టి కాపడం పెట్టుకుంటుంది.

సార్ అంతా విని ఒక్క ప్రశ్న వేశారు: "మీ అమ్మమ్మకు హాయినిచ్చేది ఆకా, వేడా?"

సమాధానం తెలియలేదు. ఆ ప్రశ్ననే నోట్‌బుక్ మొదటి పేజీలో రాసుకున్నాను.

నవంబరు 29

వారం రోజులుగా చదువుతున్నాను. మొదటి ఇబ్బంది మాట దగ్గరే వచ్చింది. ఇన్‌ఫ్లమేషన్‌ను పత్రికలు వాపు ప్రక్రియ అంటాయి, ఆయుర్వేదం శోథ అంటుంది. మొదటి శతాబ్దపు రోమన్ రచయిత సెల్సస్ దీనికి నాలుగు గుర్తులు చెప్పాడు: ఎరుపు, వాపు, వేడి, నొప్పి. మన 'వాపు' అనే మాటలో ఆ నాలుగింటిలో ఒక్కటే వినిపిస్తుంది. అందుకని ఈ డైరీలో 'వాపు-మంట' అని రాసుకుంటాను.

లోపల జరిగేది క్లుప్తంగా ఇది. కణం దెబ్బతిన్నప్పుడు దాని పొరలోని కొవ్వుల నుంచి అరాకిడోనిక్ ఆమ్లం విడుదలవుతుంది. సైక్లోఆక్సిజనేజ్ అనే ఎంజైము దాన్ని ప్రోస్టాగ్లాండిన్ల దారికి మళ్లిస్తే నొప్పి, జ్వరం, వాపు. లిపాక్సిజనేజ్ పట్టుకుంటే ల్యూకోట్రైన్లు. అవి తెల్లరక్తకణాలను ఆ చోటికి పిలుస్తాయి. ఆస్పిరిన్ మొదటి దారిని మూస్తుందని 1971లో జాన్ వేన్ చూపించాడు. 1982లో నోబెల్ పంచుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు. ఆస్పిరిన్ కథ కూడా చెట్టు బెరడుతోనే మొదలైంది. విల్లో బెరడు పొడి చలిజ్వరాలకు పనిచేస్తోందని ఎడ్వర్డ్ స్టోన్ అనే ఇంగ్లిష్ మతాచార్యుడు 1763లో రాయల్ సొసైటీకి రాశాడు. ఆ బెరడులో సాలిసిన్ ఉందని తేలడానికి మరో అరవై ఏళ్లకు పైగా పట్టింది. బెరడుకూ మాత్రకూ మధ్య ఎంత పని ఉంటుందో చదువుతుంటే నాకు ముందు భయం వేసింది, తరువాత ఉత్సాహం వచ్చింది.

వావిలాకులో ఇప్పటికే గుర్తించిన పదార్థాలు తక్కువేమీ కాదు. కాస్టిసిన్ వంటి ఫ్లేవనాయిడ్లు (మొక్కల్లో ఉండే ఒక రకం పదార్థాలు) ఉన్నాయి. ఆగ్నుసైడ్, నెగుండోసైడ్ అనే ఇరిడాయిడ్ గ్లైకోసైడ్లు (చక్కెర అతుక్కున్న మొక్క పదార్థాలు) ఉన్నాయి. ఘాటైన వాసనకు కారణమైన సుగంధ తైలంలో బీటా కారియోఫిలీన్ కూడా ఉంటుంది. ఈ చివరిది మిరియాల్లోనూ లవంగాల్లోనూ ఉంటుంది. మన ఒంట్లో వాపు-మంటను అదుపు చేసే సీబీ2 అనే గ్రాహకానికి అది అతుక్కుంటుందని 2008లో వెలువడింది. చారు ఘుమఘుమలో ఉండే పదార్థానికి అలాంటి పని కూడా ఉండటం చదివి ఆ రాత్రి చాలాసేపు నిద్ర పట్టలేదు.

డిసెంబరు 7

తెనాలి దగ్గర మా ఊరు వెళ్లి ఆకు తెచ్చాను. కాలువ గట్టు మీద వావిలి పొదలు గుబురుగా ఉన్నాయి. ఐదేసి రెబ్బల ఆకు, పైన ముదురు ఆకుపచ్చ, అడుగున బూడిద రంగు, కొమ్మల చివర నీలి ఊదా పూలు. వినాయక చవితి నాటి ఇరవై ఒక్క పత్రుల్లో సింధువార పత్రం ఇదేనని అమ్మమ్మ చెప్పింది. చిన్నప్పుడు పత్రి కోసం ఇదే గట్టు మీద తిరిగాను కానీ, పూజలో చదివే పేరూ గట్టు మీది పొదా ఒకటేనని ఇన్నాళ్లూ తెలియదు.

పూత ఉన్న ఒక కొమ్మను పాత వార్తాపత్రికల మధ్య అదిమి పెట్టాను. వృక్షశాస్త్రం మేడమ్ దాన్ని చూసి వైటెక్స్ నెగుండో అని ధ్రువీకరించాలి. ఒకప్పుడు దీన్ని వెర్బినేసీ కుటుంబంలో చెప్పేవారు, ఇప్పుడు తులసి కుటుంబంలో చేర్చారు. ఈ ధ్రువీకరణ లేకపోతే తరువాత చేసిన పనికంతా విలువ ఉండదు. పేరు తప్పయితే కొలతలు ఎంత సరిగా ఉన్నా మరో మొక్క గురించి రాసినట్టే.

కోసింది 600 గ్రాములు. అమ్మమ్మ "ఎండలో పడెయ్యి నాన్నా, రెండు రోజుల్లో గలగలలాడుతుంది" అంది. వద్దన్నాను. ఎండకు సుగంధ తైలం ఎగిరిపోతుంది, రంగు పదార్థాలు చెడతాయి. వసారాలో నీడన, పాత చీర మీద పరిచాం.

డిసెంబరు 19

ఆకు 185 గ్రాములకు ఆరింది. మిక్సీలో పొడి చేసి జల్లెడ పట్టాను.

ఈలోగా చేయి తిరగడానికి పసుపుతో టీఎల్‌సీ చేశాను. పలుచని పూత ఉన్న ప్లేటు మీద మిశ్రమంలోని పదార్థాలను విడదీసే పద్ధతి ఇది. దుగ్గిరాల నుంచి తెచ్చిన కొమ్ములు దంచి, ఇథనాల్‌లో నానబెట్టి, సిలికా ప్లేటు మీద చుక్క పెట్టి, 95 పాళ్ల క్లోరోఫాం, 5 పాళ్ల మిథనాల్ మిశ్రమంలో నిలబెట్టాను. పసుపుపచ్చ చుక్కలు మూడు విడిపోయాయి: అన్నిటికంటే పైన కర్కుమిన్, దాని కింద డీమిథాక్సీ కర్కుమిన్, అడుగున బిస్‌డీమిథాక్సీ కర్కుమిన్. 1815లో వోగెల్, పెల్లెటియర్ పసుపు నుంచి ఈ రంగు పదార్థాన్ని వేరుచేశారు. దాని నిర్మాణం తేలడానికి 1910 దాకా పట్టింది. మా ప్లేటు మీద నలభై నిమిషాల పని.

పసుపు తీసుకున్న నా స్నేహితురాలికి ఒక హెచ్చరిక చూపించాను. కర్కుమిన్ పేగుల నుంచి రక్తంలోకి చేరడం చాలా తక్కువ. 1998లో బెంగళూరులో జరిగిన పరిశోధనలో మనుషులకు 2 గ్రాముల కర్కుమిన్‌తో పాటు 20 మిల్లీగ్రాముల పైపరీన్ ఇస్తే రక్తంలోకి చేరేది ఇరవై రెట్లు పెరిగింది. పైపరీన్ అంటే మిరియాల ఘాటు. పాలలో పసుపుతో పాటు మిరియాల పొడి వేసే మా ఇంటి అలవాటుకు దీనితో పొందిక ఉంది. కానీ ఆ పరిశోధనలో ఇచ్చిన కర్కుమిన్ 2 గ్రాములు. చిటికెడు పసుపులో ఉండేది మిల్లీగ్రాముల్లోనే. ఈ తేడాను రిపోర్టులో దాచవద్దని ఆమెను బతిమాలాను.

జనవరి 5

సాక్స్‌లెట్ ఎక్కింది. వేడి ద్రావణిని పొడి మీదుగా మళ్లీ మళ్లీ పంపి సారం తీసే పరికరం ఇది. థింబుల్ అనే కాగితపు గొట్టంలో 50 గ్రాముల పొడి, కింద ఫ్లాస్కులో 350 మి.లీ. ఇథనాల్. ఎనిమిది గంటలు దగ్గర కూర్చున్నాను. సైఫన్ నిండి గుటుక్కుమని దిగిన ప్రతిసారీ ద్రవం రంగు తేలికవుతూ వచ్చింది. ఫ్లాస్కులో మాత్రం చిక్కటి ఆకుపచ్చ. మధ్యలో ఒకసారి నీళ్ల ప్రవాహం తగ్గి కండెన్సర్ వేడెక్కింది. ల్యాబ్ అసిస్టెంట్ గారు పరుగున వచ్చి కుళాయి సరిచేశారు. ఇథనాల్ ఆవిరి బయటకు వస్తే ఏం జరిగేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది. ఇక మీద సాక్స్‌లెట్ నడుస్తుండగా టీ తాగడానికి కూడా లేవను.

వాటర్ బాత్ మీద ఇథనాల్ పోగొడితే 6.2 గ్రాముల జిగురు మిగిలింది. మరో 50 గ్రాములు అమ్మమ్మ పద్ధతిలో: అర లీటరు నీళ్లు పోసి నాలుగో వంతుకు మరిగించిన కషాయం. దాన్నీ ఆరబెట్టాను.

రాత్రి పడుకునేటప్పుడు తట్టింది. ఈ రెండు సారాల్లోనూ వావిలాకు వాసన దాదాపు లేదు. ఆవిరయ్యే నూనెలు గంటల తరబడి వేడికి వెళ్లిపోయాయి. అమ్మమ్మ స్నానపు నీళ్లకు ఆ వాసనే కదా ప్రాణం. నేను పరీక్షించబోయేదీ ఆమె వాడేదీ ఒకటి కాదు.

జనవరి 9

సార్‌తో కూర్చుని పరీక్ష ఎంచుకున్నాం. ఔషధ పరిశోధనలో వాడుక పద్ధతి ఒకటుంది, 1962లో వింటర్ బృందం ప్రచురించింది. ఎలుక పాదంలో కారాజీనన్ అనే సముద్రపు నాచు పదార్థాన్ని ఎక్కించి వాపు తెప్పిస్తారు, మందు ఇచ్చి వాపు ఎంత తగ్గిందో కొలుస్తారు. మా కాలేజీకి జంతుశాల లేదు, జంతు ప్రయోగాల నైతిక సంఘం అనుమతి లేకుండా చేయకూడదు. అనుమతి ఉన్నా నా చేతులతో చేయగలనని అనుకోను.

అందువల్ల గుడ్డు తెల్లసొన పరీక్ష. పద్ధతి సులువు: తాజా తెల్లసొన 0.2 మి.లీ., 6.4 పీహెచ్ ఫాస్ఫేట్ బఫర్ (పీహెచ్ మారకుండా ఉంచే ద్రావణం) 2.8 మి.లీ., సారం ద్రావణం 2 మి.లీ. ముందు 37 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఉంచి, తరువాత 70 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు వేడిచేయాలి. చల్లారాక స్పెక్ట్రోఫోటోమీటర్ అనే కాంతిని కొలిచే యంత్రంలో, 660 నానోమీటర్ల ఎర్రని కాంతి దగ్గర ఎంత మసకబారిందో చదవాలి. ప్రొటీన్ల ఆకృతి చెడటానికీ కీళ్లవాతానికీ సంబంధం ఉందన్న పాత ఊహ దీనికి ఆధారం. డైక్లోఫెనాక్ వంటి నొప్పి మందులు ఆ చెడిపోవడాన్ని ఆపుతాయి. మొక్క సారం కూడా ఆపితే, అది ఆ మందులా పనిచేస్తోందని అంటారు.

ఆ 'అంటారు' దగ్గర సార్ పెన్ను ఆగింది. "ముందు చెయ్యి, తరువాత మాట్లాడదాం" అన్నారు.

పోల్చడానికి డైక్లోఫెనాక్ సోడియం కొన్నాం. సీసా చేతిలోకి తీసుకున్నప్పుడు రాబందులు గుర్తొచ్చాయి. పశువులకు ఈ మందు వేస్తే, ఆ కళేబరాలు తిన్న రాబందుల మూత్రపిండాలు పాడై అవి గుంపులుగా చనిపోయాయని 2004లో తేలింది. 2006లో మన దేశం పశువైద్యంలో దీన్ని నిషేధించింది. ఊరి చివర చచ్చిన గేదెను పడేస్తే ఆకాశంలో రాబందులు గుండ్రంగా తిరిగేవని అమ్మమ్మ చెబుతుంది. నేను ఒక్కదాన్ని కూడా చూడలేదు. మనిషి మోకాలికి మేలు చేసే అణువు రాబందుకు విషం అయింది. 'మందు' అనే మాట ముందు ఎవరికి అన్న ప్రశ్న ఎప్పుడూ ఉంటుంది.

జనవరి 19

మొదటి పూర్తి పరీక్ష. సారాన్ని డీఎంఎస్‌ఓ అనే ద్రావణిలో, కొద్దిపాటి దానిలో, కరిగించి బఫర్‌తో పలచన చేశాను, కంట్రోల్‌లోనూ (పోలిక కోసం పెట్టే, సారం లేని గొట్టం) అంతే డీఎంఎస్‌ఓ వేశాను. రీడింగులు ఇవి. సారం లేని కంట్రోల్ 0.420. ఇథనాల్ సారం మిల్లీలీటరుకు 100 మైక్రోగ్రాములైతే 0.438, 200 అయితే 0.461, 400 అయితే 0.503; 800 అయితే 0.577. డైక్లోఫెనాక్ 800 దగ్గర 0.118.

సారం పెరిగేకొద్దీ మసక తగ్గాలి. పెరిగింది. కళ్లలో నీళ్లు తిరిగాయి.

పక్క టేబుల్ సీనియర్ వచ్చి ఓదార్చాడు. పాత రిపోర్టులోని సూత్రం చూపించి, అందులో వేస్తే సరిపోతుందన్నాడు. పరీక్ష రీడింగును కంట్రోల్ రీడింగుతో భాగించి, ఒకటి తీసేసి, వందతో గుణించాలి. వేశాను. 800 దగ్గర 37.4 శాతం నిరోధం వచ్చింది! ఐదు నిమిషాలు సంతోషించాను. ఆరో నిమిషంలో అదే సూత్రంలో డైక్లోఫెనాక్ వేసి చూశాను: మైనస్ 71.9. అంటే ఈ సూత్రం ప్రకారం అసలైన మందు ప్రొటీన్‌ను చెడగొడుతుంది, మసక పెంచేది కాపాడుతుంది. సూత్రం తలకిందులుగా ఉంది. ఒకటి లోంచి ఆ నిష్పత్తిని తీసేయాలి. తలకిందుల సూత్రాన్ని ఒకరి నుంచి ఒకరు ఎత్తిరాసుకుంటూ వస్తున్నారు. అచ్చయిన వ్యాసాల్లో కూడా ఇదే చూశాను. మసక పెరిగితే మందు పనిచేసిందని రాస్తున్నామని ఒక్కసారి ఆగి చూస్తే తెలిసేది.

సరైన సూత్రంలో నా సారానికి వచ్చింది మైనస్ 37.4.

జనవరి 21

రెండు రోజులు దిగులుగా తిరిగాక, సారం సీసాను కిటికీ వెలుగులో పట్టుకుని చూశాను. ఆకుపచ్చ. ఇంటర్‌లో చదివిన పాఠం అప్పుడు గుర్తొచ్చింది: పత్రహరితం ఎర్రని కాంతిని పీల్చుకుంటుంది, క్లోరోఫిల్-ఏ శిఖరం దాదాపు 663 నానోమీటర్ల దగ్గర. నేను చదువుతున్నది 660 దగ్గర! నా యంత్రం గుడ్డు మసకతో పాటు ఆకు రంగును కూడా లెక్కవేస్తోంది.

వెంటనే తెల్లసొన లేకుండా, ప్రతి మోతాదుకూ సారం, బఫర్ మాత్రమే ఉన్న గొట్టాలు పెట్టాను. వీటినే రంగు బ్లాంక్‌లు అంటారు. 100 దగ్గర 0.029, 200 దగ్గర 0.058, 400 దగ్గర 0.118, 800 దగ్గర 0.236. గీత గీస్తే సరళరేఖ. మొన్నటి రీడింగుల్లోంచి వీటిని తీసేస్తే 800 దగ్గర 0.341 మిగులుతుంది, అంటే 18.8 శాతం నిరోధం. 400 దగ్గర 8.3. సారం పెరిగేకొద్దీ మసక తగ్గుతోంది. ఎక్కువేమీ కాదు, డైక్లోఫెనాక్‌లో నాలుగో వంతు. కానీ ఇది నాది, నిజమైనది.

ఆకుపచ్చ సారంతో ఈ పరీక్ష చేసే ఎవరికైనా నేను చెప్పేది ఇదే: ప్రతి మోతాదుకూ విడిగా రంగు బ్లాంక్ పెట్టండి. బ్లాంక్ లేని రీడింగు ఎవరికీ చూపించకండి.

జనవరి 30

కషాయం వంతు. ఇందులో పత్రహరితం లేదు, గోధుమ రంగు. బ్లాంక్ తీసేశాక కూడా మసక కంట్రోల్ కంటే ఎక్కువే వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

టానిన్ల మీద అనుమానం వచ్చింది. కషాయంలో ఉప్పు కలిపిన జెలటిన్ ద్రావణం వేస్తే గొట్టం తెల్లగా విరిగిపోయింది. ఫెర్రిక్ క్లోరైడ్ చుక్కకు నల్లబారింది. టానిన్లు ప్రొటీన్లను పట్టి గడ్డ కట్టిస్తాయి, తుమ్మ చెక్కతో తోలును పదును చేయడం ఈ గుణంతోనే. అంటే కషాయంలోని టానిన్లు తెల్లసొనను తామే కూడగట్టి మసక పెంచుతున్నాయి. దీన్నిబట్టి కషాయం వాపు పెంచుతుందని ఎవరైనా రాస్తే అది పొరపాటు. ఈ పరీక్షకు కషాయం సరిపడదు, అంతే.

ఫిబ్రవరి 6

పత్రహరితాన్ని వదిలించుకోవాలి. బొగ్గుపొడితో రంగు తీసేయమని ఒకరన్నారు. కానీ చదునైన ఫ్లేవనాయిడ్ అణువులను కూడా బొగ్గు పట్టేసుకుంటుంది. రంగుతో పాటు నాకు కావలసినదీ పోతుంది. అందుకే కొత్త పొడిని ముందు పెట్రోలియం ఈథర్‌తో కడిగి కొవ్వులనూ పత్రహరితంలో చాలా భాగాన్నీ తీసేసి, తరువాత ఇథనాల్ సారం తీసి, దాన్ని నీళ్లలో కలిపి, వేర్పాటు గరాటులో ఇథైల్ అసిటేట్‌తో మూడుసార్లు కుదిపాను. పై పొర లేత పసుపు. అందులో మెగ్నీషియం ముక్క వేసి గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్కలు వేస్తే గులాబీ రంగు తేలింది. షినోడా పరీక్ష, ఫ్లేవనాయిడ్ల గుర్తు. ఆ రంగును చూసి టేబుల్ దగ్గర గట్టిగా అరిచాను.

టీఎల్‌సీలో అతినీల కాంతి కింద నాలుగు చుక్కలు కనిపించాయి. వాటిలో ఒకటి కాస్టిసిన్ కావచ్చు. పోల్చడానికి శుద్ధ కాస్టిసిన్ మా దగ్గర లేదు, ధర మా ప్రాజెక్టు బడ్జెట్‌కు అందదు. రిపోర్టులో 'ఫ్లేవనాయిడ్లు అధికంగా ఉన్న భాగం' అనే రాస్తాను.

ఫిబ్రవరి 14

ఈ వారమంతా ఆ భాగంతోనే పరీక్ష. మొదటి రోజు కంట్రోల్ 0.402. 800 మైక్రోగ్రాముల దగ్గర 0.318, బ్లాంక్ 0.031 మాత్రమే. నిరోధం 28.6 శాతం. మొత్తం ఇథనాల్ సారం కంటే బాగుంది.

మరుసటి రోజు మళ్లీ చేస్తే కంట్రోలే మారిపోయింది. కారణం కోసం రసాయనాలన్నీ తిరగేసి చివరికి గుడ్ల దగ్గర ఆగాను. మొదటి రోజువి హాస్టల్ పక్క కొట్లో అప్పుడే దిగినవి, రెండో రోజువి ఫ్రిజ్‌లో వారం ఉన్నవి. గుడ్డు పాతబడే కొద్దీ పెంకు రంధ్రాల నుంచి కార్బన్ డయాక్సైడ్ పోతుంది, సొన పీహెచ్ 7.6 ప్రాంతం నుంచి 9 దాటుతుంది. అంతే కాదు. తెల్లసొన ప్రొటీన్లలో సగానికి పైగా ఉండే ఓవాల్బుమిన్ 80 డిగ్రీలు దాటితేగానీ బాగా విచ్చుకోదు. నిల్వలో అది ఇంకా వేడికి ఓర్చే రూపంలోకి మారుతుంది. మరి 70 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాల్లో మసకబారేది ఎవరు? ఎక్కువ భాగం ఓవోట్రాన్స్‌ఫెరిన్ అయి ఉండాలి. అది 60 దాటగానే చెడుతుంది. అందరం ఆల్బుమిన్ పరీక్ష అని పిలుస్తున్న గొట్టంలో మాట్లాడుతున్నది దాని పక్కింటి ప్రొటీన్!

ఇక మీద ఒకే రోజు దిగిన గుడ్లు, మూడు గుడ్ల సొన కలిపి, నురగ రాకుండా పల్చని గుడ్డలో వడకట్టి వాడతాను. అలా చేశాక మూడు రోజుల రీడింగులు 24 నుంచి 31 శాతం మధ్య నిలిచాయి.

ఫిబ్రవరి 20

సార్ జనవరిలో ఆపిన పెన్ను ఈరోజు మళ్లీ తీశారు. ఆసుపత్రుల్లో రోగులకు ఎక్కించే మానవ ఆల్బుమిన్ గురించి అడిగారు. వైరస్‌లను చంపడానికి దాన్ని 60 డిగ్రీల దగ్గర పది గంటలు వేడిచేస్తారు. ప్రొటీన్ చెడకుండా ముందు సోడియం కాప్రిలేట్ కలుపుతారు. కాప్రిలేట్ అంటే కొబ్బరినూనెలో ఉండే చిన్న కొవ్వు ఆమ్లం నుంచి వచ్చే లవణం. అది ఆల్బుమిన్ అణువులోని గూళ్లలో ఇమిడి, వేడికి విప్పుకోకుండా పట్టి ఉంచుతుంది.

"మరి కాప్రిలేట్ మోకాళ్ల నొప్పి మందా?"

కాదు. ఎక్కడా కాదు.

చాలాసేపు కూర్చుండిపోయాను. డైక్లోఫెనాక్ కూడా ప్రొటీన్లకు గట్టిగా అతుక్కుంటుంది, రక్తంలో తొంభై తొమ్మిది శాతానికి పైగా ఆల్బుమిన్‌ను పట్టుకునే తిరుగుతుంది. ఈ గొట్టంలో అది తెల్లసొనను కాపాడటం, ఒంట్లో సైక్లోఆక్సిజనేజ్‌ను ఆపడం వేరువేరు పనులు కావచ్చు. నా పరీక్ష చూపించేది ఒక్కటే: వావిలాకులోని ఫ్లేవనాయిడ్ భాగం సమక్షంలో తెల్లసొన వేడికి కొంచెం ఎక్కువ ఓర్చుకుంటుంది. దాని నుంచి అమ్మమ్మ మోకాలికి దారి వేయడానికి నా దగ్గర ఏమీ లేదు.

రిపోర్టు శీర్షిక మార్చాను. 'వావిలాకు వాపు నిరోధక గుణాల నిరూపణ' కొట్టేసి, 'వావిలాకు సారాల సమక్షంలో గుడ్డు తెల్లసొన ఉష్ణ స్థిరత్వం' అని రాశాను. కొట్టేసినందుకు బాధగానే ఉంది. కానీ ఇంత ప్రేమతో మొదలుపెట్టిన పనిలో నాకు తెలియని మాట ఒక్కటీ ఉండకూడదు.

మార్చి 3

తరువాత చేసేవారి కోసం ఒక దారి వెతికి పెట్టాను. సోయా గింజల నుంచి తీసిన లిపాక్సిజనేజ్ ఎంజైము, లినోలియిక్ ఆమ్లం అనే కొవ్వు ఆమ్లం కలిపితే 234 నానోమీటర్ల దగ్గర రీడింగు పెరుగుతూ పోతుంది. సారం ఆ పెరుగుదలను నెమ్మది చేస్తే అది కనీసం వాపు-మంటకు చుట్టమైన ఎంజైము మీద పని. అందుగు చెట్టు బంకలోని బోస్వెల్లిక్ ఆమ్లాల పేరు మోగింది ఈ లిపాక్సిజనేజ్ దారిలోనే. మా యంత్రంలో అతినీల దీపం పాడైంది, మరమ్మతు వచ్చే సెమిస్టర్‌కు గానీ కాదు. మిగిలిన ఫ్లేవనాయిడ్ భాగాన్ని గోధుమ రంగు సీసాలో పోసి, తేదీ, ఆకు కోసిన చోటు, ద్రావణి పేరు రాసి ఫ్రిజ్‌లో పెట్టాను. నా నోట్‌బుక్ జిరాక్సు కూడా దాని పక్కనే ఉంటుంది.

నీడన ఆరబెట్టిన ఆకులో చివరికి మిగిలిన దానితో స్వేదనం చేశాను. క్లెవెంజర్ గొట్టంలో నీటి మీద 0.2 మి.లీ. లేత పసుపు నూనె తేలింది. మూత తీయగానే ల్యాబ్ మొత్తం అక్క పురుటి గది అయిపోయింది.

మార్చి 9

ఊరు వెళ్లాను. సార్ మొదటి రోజు వేసిన ప్రశ్నను అమ్మమ్మ దగ్గరే పరీక్షిద్దామనిపించింది. ఇసుక వేయించి రెండు మూటలు కట్టాను, ఒకదాంట్లో వావిలాకు కలిపాను. వేడి ఒకేలా ఉందని థర్మామీటరుతో చూసుకున్నాను. కళ్లు మూసుకోమని చెప్పి, ముందు ఆకు లేని మూట మోకాలి మీద పెట్టాను.

"ఇందులో ఆకు లేదు కదమ్మా" అంది వెంటనే.

వాసన దాచే మార్గం నాకు తోచలేదు. తెలిసిపోయాక పోల్చడం పరీక్ష కాదు. అదీ నోట్‌బుక్‌లో రాస్తుంటే, అమ్మమ్మ రెండో మూట తనే అందుకుని మోకాలికి అదిమి పెట్టుకుంది.

"నీ లెక్కలు తరువాత రాసుకో. ఇది చల్లారుతోంది, ఇంకోసారి పెనం మీద పెట్టు."

వెళ్లి పొయ్యి వెలిగించాను.